ఆయన బాగుందన్నాక

ఆ ఇంట్లో ముద్ద నోట్లో పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది బాగుందో లేదో చెప్పడానికి మాత్రం ఇంటాయన నోరు విప్పేదాకా ఆగాలి. ఎందుకంటే ఆయన ఓ టీ పొడి కంపెనీలో రుచి ఆఫీసరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా పొద్దున్నే ఓ తెల్లగోడల గదిలో పొడవాటి బల్ల ముందు నిలబడి, వరసగా పెట్టిన నూట ఇరవై కప్పుల్లోంచి చెంచాడు చెంచాడు జుర్రుమని పీల్చి, పుక్కిట్లో అటూ ఇటూ తిప్పి, పక్కనున్న స్టీలు డబ్బాలోకి తుపుక్కున ఉమ్మి, "దీనికి ఒళ్ళు లేదు", "దీనికి జీవం లేదు", "దీని తోక చేదు" అని తీర్పు చెప్పడం ఆయన ఉద్యోగం. తోక అంటే గుటక దిగాక నాలుక మీద మిగిలే రుచి. ఆయన తోక లేదంటే ఆ పొడి బస్తాలు వచ్చిన లారీలోనే వెనక్కి పోవలసిందే.

అంత గొప్ప నాలుకని సాయంత్రం ఆఫీసులో వదిలేసి రావడం కుదరదు కదా. కొత్త కాపురంలో భార్య మొదటిసారి వండిన కూరని ఆయన అలాగే జుర్రుమని పీల్చి, అత్తమామల ఎదుటే లేచి వెళ్ళి సింకులో ఉమ్మి వచ్చి, "పదికి అయిదు. తోక లేదు" అన్నాడు. ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో ఆయనకి అర్థం కాలేదు. అయిదు మార్కులు వచ్చిన టీ పొడి ఏదీ అంతవరకూ ఏడవలేదు మరి.

ఇరవై ఆరేళ్ళలో ఆవిడకి ఏడు దాటలేదు. కూతురు పుట్టి, మాటలు నేర్చి, "అమ్మా, కూర బాగుంది" అని ఓ రోజు నాన్నకంటే ముందు అనేసింది. "నీకేం తెలుసు?" అన్నాడాయన. అంతే, ఆ పిల్ల కాలేజీకి వచ్చినా మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు. పై వాటాలో ఉండే బావమరిది కోర్టులో గుమాస్తా. లోకంలో ప్రతిదాని మీదా వాదన వేసుకునే మనిషి, భోజనాల వేళకి కింది వాటాలోకి దిగి, బావగారి మొహం కేసి చూసి, ఆయన తానా అంటే తాను తందానా అనేవాడు. ఊరికే పెట్టే తిండికి వాదనెందుకని అతని లెక్క.

ఇలా ఉండగా కంపెనీ యజమాని సంతోషపడి ఆయన్ని తూర్పు దేశాల యాత్రకి పంపాడు. ఎనిమిది రోజులు, నాలుగు దేశాలు, ఓ బస్సు, ఓ జెండా పట్టుకున్న అమ్మాయి, వెనకాల ముప్ఫై మంది. దిగిన ప్రతిచోటా మిగతావాళ్ళు గోపురాలకీ బొమ్మలకీ ఫొటోలు తీసుకుంటుంటే ఆయన వీధి బళ్ళ దగ్గర చెంచా పట్టుకుని తిరిగాడు. మొదటి దేశంలో ఏడు వంటకాలు రుచి చూసి ఆరింటిని ఫెయిలు చేశాడు. తోటి యాత్రికులు ఆయన జుర్రే చప్పుడికి బల్లలు మారి కూర్చునేవారు.

రెండో దేశంలో, పడవల రేవు పక్కన, మోకాలెత్తు ముక్కాలిపీటల మధ్య ఓ ముసలామె రెండు కుండలతో కూర్చుని ఉంది. ఒక కుండలోంచి గిన్నెలోకి రెండు గరిటెలు పోసి ఇచ్చింది. పలచటి కొబ్బరిపాల పులుసు. నిమ్మగడ్డి, ఎండు రొయ్యలు, ఇంకా ఏవేవో ఉన్నాయి. ఆయన అలవాటు కొద్దీ జుర్రుమన్నాడు. ఉమ్మడానికి డబ్బా కోసం చూశాడు. చూసి, ఉమ్మలేకపోయాడు. మింగేశాడు. ముసలామెకి ఆ చప్పుడు నచ్చినట్టుంది, బోసినోటితో నవ్వి మరో గరిటెడు పోసింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి "పది" అని పైకే అన్నాడు. అంతలో జెండా అమ్మాయి బస్సు బయల్దేరుతోందని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

మూడో దేశంలో జ్వరం తగులుకుంది. హోటలు గదిలో దుప్పటి కప్పుకుని రెండు రోజులు పడుకున్నాడు. జ్వరం పోతూ పోతూ ముక్కునీ నాలుకనీ మూటగట్టుకుని వెంట తీసుకుపోయింది. నాలుగో దేశంలో ఏం తిన్నాడో ఆయనకి తెలియదు. తడిసిన అట్టముక్క నమిలినట్టు ఉంది. ఉప్పు వేసుకున్నా అంతే, నిమ్మకాయ పిండుకున్నా అంతే.

ఇంటికి వచ్చాక ఎవరికీ తెలియకుండా ఊరి అవతలి కొసనున్న డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. "బాగా ఇష్టమైన వాసనా రుచీ ఏదన్నా ఉంటే అది రోజూ చూస్తూ ఉండండి. ఒక్కోసారి దాంతో తిరిగొస్తుంది."

బాగా ఇష్టమైనది ఒకటే ఉంది. అది సముద్రం అవతల ముసలామె కుండలో ఉంది. దాన్ని ఇంట్లో వండి తీరాలి. అది సరిగ్గా కుదిరిన రోజున నాలుక లేచి కూర్చుంటుంది. కుదిరినా లేవలేదంటే ఇక లేవదు. ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు ఇంట్లో సింహాసనం పోతుంది. రుచి తెలియని రుచి ఆఫీసరు, పదికి ఏడు కూడా రాని ముసలాడు అవుతాడు. ఆ భయం ఆయన్ని వంటింట్లోకి తోసింది.

పిచ్చి కుదిరింది రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. ఆయన రోకలి దగ్గర ఆగలేదు. గ్యాసు పొయ్యి పక్కకి జరిపించి, ముసలామెకి ఉన్నట్టే ఉండాలని బొగ్గుల కుంపటి తెప్పించాడు. స్టీలు గిన్నెలు పనికిరావని మట్టి కుండలు కొన్నాడు. ఆఫీసు నుంచి చిన్న త్రాసు తెచ్చి నిమ్మగడ్డిని గ్రాముల్లో తూచాడు. బల్ల మీద తెల్ల కప్పులు వరసగా పెట్టి, ఒక్కోదాని కింద చీటీ అంటించాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ వంటింటిని ఏలిన భార్యని గుమ్మం బయట కుర్చీలో కూర్చోబెట్టి వెల్లుల్లి ఒలవమన్నాడు.

మొదటిసారి వండిన రోజు అందరినీ కూర్చోబెట్టి పోశాడు. తను జుర్రుమన్నాడు. అట్టముక్క. మొహం మీద ఆ సంగతి కనబడకూడదు కాబట్టి కళ్ళు మూసుకుని తల ఊపాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

ముగ్గురూ ఆ తల ఊపుడు చూశారు.

"చాలా బాగుంది నాన్నా" అంది కూతురు, గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి.

"అద్భుతం బావగారూ!" అన్నాడు బావమరిది.

"అయితే ఇంకో గరిటె వేసుకో."

"వద్దండి. ఇలాంటి గొప్ప రుచి ఒక్కసారే చూడాలి. మళ్ళీ చూస్తే దిష్టి."

"బాగుందండీ" అంది భార్య నెమ్మదిగా.

ఆయనకి సంతోషం వెయ్యలేదు, గుండె జారింది. వంట కుదిరిందట. నాలుక మాత్రం లేవలేదు. ఒకవేళ పులుపు కొంచెం అటూ ఇటూ అయిందేమోనని మర్నాడు మళ్ళీ వండాడు. మళ్ళీ బాగుందన్నారు. పాలు మార్చాడు, రొయ్యలు మార్చాడు, ఓ రోజు నిమ్మగడ్డికి బదులు పెరట్లో మొలిచినదేదో పీకి వేశాడు. అదీ బాగుందన్నారు. "నిజం చెప్పండి" అని గదమాయించాడు. గదమాయిస్తే నిజం వస్తుందని ఆయన నమ్మకం. "నిజంగా బాగుంది" అన్నారు. వారానికి రెండుసార్లు వండేవాడు. వండినప్పుడల్లా ఇంటిల్లిపాదీ కక్కలేక మింగలేక, ఆయన మొహం చూసి మింగేవారు. ఆయన వాళ్ళ మాట విని లోపల కుంగిపోయేవాడు.

ఆఫీసులో ఇంకో నాటకం. కప్పుల్లో టీ కాచి పోసే ఆవిడ ఒకతె ఉంది. పదిహేనేళ్ళుగా పోస్తోంది, పోస్తూ ప్రతి కప్పునీ ముక్కుతో ఓసారి పలకరించడం ఆవిడ అలవాటు. పాడు పొడి అయితే ముక్కుపుటాలు ముడుచుకుంటాయి. మంచిదైతే కనుబొమలు పైకి లేస్తాయి. ఇన్నేళ్ళలో ఆయన ఆవిడ మొహం సరిగ్గా చూసిందే లేదు. ఇప్పుడు కప్పులు మానేసి దాన్నే చూస్తున్నాడు. కనుబొమ లేస్తే జుర్రి, ఉమ్మి, "ఎనిమిది" అంటాడు. ముక్కు ముడుచుకుంటే "తోక లేదు" అంటాడు. రెండు నెలల్లో ఒక్క ఫిర్యాదు రాలేదు సరికదా, ఈమధ్య పొడి మరింత బాగుంటోందని దుకాణాల వాళ్ళు కబురు చేశారు.

ఇంట్లో భార్య వంట సంగతి మిగిలింది. అన్నం కలిపి నోట్లో పెట్టుకున్నాక ఏదో ఒకటి అనాలి. తిడదామంటే దేన్ని తిట్టాలో తెలియదు. ఉప్పు తక్కువైందని తిట్టాక అది ఎక్కువై ఉంటే దొరికిపోతాడు. అందుకని మొదటి రోజే "ఎనిమిది" అనేశాడు. ఆవిడ చేతిలో గరిటె కిందపడింది. మర్నాడు తొమ్మిదన్నాడు. ఆ తర్వాత రోజూ తొమ్మిదే. ఆవిడ వంట చేస్తూ కూనిరాగం తియ్యడం మొదలుపెట్టింది. ఆయన అది విన్నాడు. ఎందుకో మాత్రం ఆలోచించలేదు.

ఇంతలో యజమాని ఓ బాంబు పేల్చాడు. పై దేశాలకి పంపే కొత్త రకం పొడి పొట్లం మీద ఆయన ఫొటో వేస్తారట. కింద "మా రుచి ఆఫీసరు తీర్పు: పదికి పది" అని ఉంటుందట. సోమవారం సంతకం పెట్టాలి.

"మీ నోట పది రావడం నేనెప్పుడూ వినలేదు. తూర్పు దేశాల్లో దేనికో ఇచ్చారటగా?" అన్నాడు యజమాని. "అదేదో మాకూ రుచి చూపించండి. ఆదివారం మా ఆవిడతో వస్తాను."

సరే రమ్మన్నాడు. ఆయన ఆలోచన ఇంకోలా ఉంది. ఆదివారం ఆఖరిసారి వండుతాడు. అన్నిటికంటే బాగా వండుతాడు. నాలుక లేచిందా, సోమవారం సంతకం పెడతాడు. లేవలేదా, ఉద్యోగానికి దణ్ణం పెట్టేస్తాడు. ముసలామె కుండలోది అప్పటికప్పుడు వండింది కాదనీ, పులుసు ఒకరోజు ఊరి ఉంటుందనీ ఆయనకి తోచింది. కనక శనివారం పొద్దున్నే వండి, మూతపెట్టి, కిటికీ పక్క ఎండ తగిలేచోట పెట్టాడు.

"ఏవండీ, కొబ్బరిపాలు కదా, ఫ్రిజ్‌లో పెడితేనో?" అంది భార్య.

"చచ్చిపోతుంది."

"ఏమిటి చచ్చిపోయేది?"

"తోక."



ఆదివారం మధ్యాహ్నానికి వంటింట్లోకి వెళ్ళినవాళ్ళు ఊపిరి బిగబట్టి వస్తున్నారు. బావమరిది గుమ్మందాకా వచ్చి, ఈ పూట తనకి ఉపవాసమని చెప్పబోయి, బావగారి చూపు తగలగానే కుక్కిన పేనులా కూర్చున్నాడు. కూతురు అగరువత్తులు వెలిగించింది, ఒకటి కాదు, కట్టంతా. ఆయన మాత్రం నిమ్మకి నీరెత్తినట్టు మూత తీసి, బుడగలు చూసి, "ఊరింది" అనుకున్నాడు.

యజమాని దంపతులు వచ్చారు. ఆవిడ పెద్దావిడ, గుండెకి మందులు వాడుతున్న మనిషి. పులుసు గిన్నె ముందుకి రాగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోబోయి, మర్యాద కోసం ఆ కొంగుతో చెమట తుడుచుకుంది. అందరికీ పోశాక ఆయన చెంచా ఎత్తాడు. జుర్రుమన్నాడు. నోట్లో తిప్పాడు. ఎదురుచూశాడు. ఒక క్షణం, రెండు క్షణాలు. తడిసిన అట్టముక్క, అంతే. ఇక అయిపోయిందని తెలిసింది. ఏడుపు వచ్చింది. ఏడుపు ఆపుకోవడానికి కళ్ళు గట్టిగా మూసుకుని, "ఆహా" అన్నాడు.

యజమాని చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఆయన మొహం నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అయింది. ఓ పక్క రుచి ఆఫీసరు మూసిన కళ్ళు, ఇంకో పక్క తన నోట్లోది. రెంటినీ బేరీజు వేసుకున్నాడు. తన నాలుకదే తప్పని తేల్చుకుని మింగేశాడు.

"ఆహా" అన్నాడు యజమాని. "పది అంటే ఇదీ!"

"అద్భుతం" అన్నాడు బావమరిది.

"చాలా బాగుంది" అంది కూతురు.

పెద్దావిడ చెంచా పెదాల దాకా వెళ్ళింది. భార్య లేచింది. బల్ల మీంచి చెయ్యి చాచి ఆ చెంచా లాగేసుకుంది. గిన్నె లాగేసింది. పులుసు కుండ ఎత్తి, తిన్నగా వెళ్ళి సింకులో దొర్లించేసింది.

"పాడైపోయింది" అంది అక్కడినుంచే. "ఎవరూ తినకండి. వాసన రావట్లేదా మీకెవరికీ?"

ఇరవై ఆరేళ్ళలో ఆయన తీర్పుకి అడ్డంగా ఆవిడ నోట మాట రావడం అదే మొదలు. బావమరిది పిడుగు ఎక్కడ పడుతుందోనని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆయన లేచి నిలబడ్డాడు.

"పాడైందా?"

"నిన్న సాయంత్రానికే."

"అంతకుముందువో? బాగున్నాయన్నారుగా?"

ఆవిడ సింకు దగ్గర కొళాయి విప్పి, చెయ్యి కడుక్కుని, కట్టేసింది.

"ఒక్కటీ బాగాలేదు. మొదటిది సబ్బునీళ్ళలా ఉంది. పెరట్లో ఆకు వేశారు చూడండి, ఆ రోజు అమ్మాయికి సాయంత్రం దాకా కడుపునొప్పి."

"ఒక్కటీ?"

"ఒక్కటీ."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. చిన్నగా మొదలై, పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. మతి పోయిందనుకున్నారు అందరూ. పెద్దావిడ భర్త చెయ్యి పట్టుకుంది.

"అయితే కుదరలేదన్నమాట!" అన్నాడు. "ఒక్కసారీ కుదరలేదన్నమాట! కుదిరిందనుకుని చచ్చిపోయాను నేను. కుదరకపోతే ఇంకా ఆశ ఉందన్నమాటే!"

అలా అనేశాక దాచడానికి ఇంకేం మిగల్లేదు. అక్కడే నిలబడి, జ్వరం సంగతీ, డాక్టరు సంగతీ, రెండు నెలల అట్టముక్కల సంగతీ చెప్పేశాడు. యజమాని ఒక్కో మాటకీ ఒక్కో రంగు మారాడు.

"మరి ఈ రెండు నెలలూ మీరు పాసు చేసిన పొడి?" అన్నాడు.

"అది బాగుందని మీరూ అన్నారు కదండీ."

"మీరు బాగుందన్నారని నేనన్నాను!"

"ఇప్పుడూ అన్నారు కదండీ, ఆహా అని."

యజమాని తన ముందున్న గిన్నె దూరంగా నెట్టేశాడు. "అయితే మన కంపెనీలో రుచి చూస్తున్నది ఎవరు?"

"కప్పులు పోసే ఆవిడ. నేను ఆవిడ ముక్కు చూసి చెబుతున్నాను. ఫొటో వేస్తే ఆవిడది వెయ్యండి."

యజమాని దీర్ఘంగా ఆలోచించాడు. ఆవిడ జీతం ఎంతో తనకి గుర్తులేదని ఆయన మొహం చెబుతోంది. బావమరిదికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "చూశారా బావగారూ, నాకు మొదటి రోజే అనుమానం" అన్నాడు. కూతురు అతని కేసి చూసిన చూపుకి మళ్ళీ కుక్కిన పేనయ్యాడు.

భార్య మాత్రం ఇంకా సింకు దగ్గరే ఉంది. వెనక్కి తిరిగింది. ఆవిడ మొహం చూసి ఆయన నవ్వు ఆగిపోయింది.

"రెండు నెలలా?" అంది.

"రెండు నెలల పైన."

"అంటే, ఆ తొమ్మిదులు..."

ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆవిడ ఎవరినీ చూడకుండా, కొంగుతో తడిచెయ్యి తుడుచుకుంటూ అంది:

"నేను మా అక్కకి ఫోన్ చేసి చెప్పాను. మా ఆయన ఇన్నాళ్ళకి నా వంట మెచ్చుకున్నారని. వాళ్ళింట్లో అందరికీ చెప్పుకుందట."

యజమాని బల్ల గుడ్డ మీద పువ్వులు చూస్తున్నాడు. బాగుందని అబద్ధం చెప్పి ఇంట్లోవాళ్ళు రుచి ఆఫీసరుని ఎంత కుంగదీశారో, ఆయన అదే అబద్ధంతో ఆవిడని అంత పొంగించాడు. ఇప్పుడు సారీ అందామన్నా, నిజంగా బాగుందందామన్నా, ఆ మాట ఆవిడ నమ్మడానికి తన దగ్గర నాలుక లేదు. నాలుక ఉన్న ఇరవై ఆరేళ్ళూ ఏం చేశాడో గుర్తొచ్చింది. సిగ్గేసింది. జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

"కూర్చోండి. అతిథుల్ని పస్తు పెడతామా?" అంది ఆవిడ.

ఎందుకైనా మంచిదని పొద్దున్నే పై వాటాలో, తమ్ముడి పొయ్యి మీద అన్నం, రెండు కూరలు వండి ఉంచింది. కూతురు వెళ్ళి తెచ్చింది. వడ్డించారు. అందరూ కలుపుకున్నారు. కలుపుకుని, చెయ్యి కంచంలో పెట్టుకుని ఆగారు. కూతురూ, బావమరిదీ, అంతా విన్న యజమాని కూడా, అలవాటు చొప్పున ఆయన కేసి తిరిగారు.

"నన్ను చూస్తారేమిటి, తినండి" అన్నాడు.

ఎవరూ కదలలేదు. భార్య కంచం ముందేసుకుని కూర్చుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. తొందరపడకుండా నమిలింది. బల్ల చుట్టూ తలలన్నీ ఒక్కటొక్కటిగా ఆవిడ వైపు తిరిగాయి.

"ఉప్పు తక్కువైంది" అంది.

ఉప్పు గిన్నె తెప్పించుకుని తన కూరలో చిటికెడు కలుపుకుంది. కూతురు వేసుకుంది. యజమాని వేసుకున్నాడు. పెద్దావిడ ఉప్పు వద్దని, ఆ కూరే మరికాస్త వేయించుకుంది. ఆయన తన కంచం ముందుకి జరిపాడు.

"ఎంత వెయ్యమంటారు?" అంది ఆవిడ, మొహం ఎత్తకుండా.

"నీకెంత సరిపోతే అంత" అన్నాడు.